ఆకులమ్మా, నేను తడిపిన చెరుకాకులూ

రండి, ఇట్ల దగ్గరికి జరగండి. ఆ చాప ఇంకొంచెం లాగుకోండి. చేతిలో పని ఉంటే ఉండనీండి, చిక్కుడుకాయలు ఒలుచుకుంటానే వినొచ్చు. ఒక మనిషిని గురించి చెప్తాను. పేరు మాత్రం అడగొద్దు. ఆమె ఉన్నప్పుడే మా ఊళ్ళో ఆమె పేరు ఎవురికీ నోట్లో నిలవలేదు. ఆకులమ్మ అంటే మాత్రం మేకలు తోలేవాళ్ళ దగ్గర్నుంచి మునసబు దాకా అందురికీ తెలుసు.

పోయిన నెల తిరువళ్ళూరి నుంచి ఒక కార్డు వచ్చింది. అరవంలో ఉంటే మా మనవరాలు చదివింది. "అవ్వా, ఎవురో పోయినారంట. నీకు తెలపమని రాసినారు" అనింది. ఎవురే అంటే పేరు చదివింది. ఆ పేరు నాకు ఒక గడియ దాకా తగల్లేదు. తగిలినాక "ఓ, ఆకులమ్మా!" అన్నాను. మనవరాలు కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, "ఆకులని యాడా లేదే అవ్వా" అనింది.

ఏడ్చేంత చుట్టరికం లేదు. ఏడవలేదు. పొయ్యి మీద పాలుంటే దించి పెట్టి వచ్చి కూర్చున్నాను. కూర్చుంటే ఆమె చేతులు కండ్లకు కట్టినాయి. మొగం తర్వాత వచ్చింది.

మాది తిరుత్తణి నుంచి ఆర్.కె.పేట పోయే దోవలో ఊరు. ఎనబైల మొదట్లో సంగతి. అప్పటికి నాకు ఇద్దురు బిడ్డలు. మా అత్త గట్టిగా ఉండేది, నోరు ఇంకా గట్టిగా ఉండేది. బాయి కింద మూడెకరాలు. సగం చెరుకు, సగం వరి. కాలవ గట్టు పొడుగునా కంచెకని వేసిన కిత్తనార, తాళ్ళు పేనేదానికి నార తీస్తామే, ఆ ముళ్ళ మట్టలు. వాటిని ఎవురూ పైరు కింద లెక్కపెట్టరు. ఆకులమ్మ వెతుక్కుంటా వచ్చింది మాత్రం వాటి కోసమే.

ఆమె నేతోళ్ళ ఇంటి బిడ్డ. తిరువళ్ళూరిలో అన్న ఇంట్లో ఉండి, రోజూ కరెంటు రైల్లో మెడ్రాసు పోయి పెద్ద సదువు సదువుతావుండింది. మూడు దినాలు ఈ దోవంతా నడిచి చూసిందంట. నాలుగో దినం మా ఇంటాయన బాయి కాడ మోటారు విప్పి కూర్చోనుంటే, గట్టు మీద నిలబడి అడిగింది.

"అన్నా, ఈ వరికీ చెరుకుకీ ఆ కిత్తనారకీ ఒకే బాయి నీళ్ళేనా?"

"అవునమ్మా."

"చూసినావా, అనుకున్నావా?"

మా ఇంటాయనకు ఒళ్ళు మండింది. "నా బాయి నీళ్ళు యాడ పోయేదీ నాకు తెలీదా? నాయన కాలం నుంచీ ఈ కాలవే" అన్నాడు. ఆమె సంచి సర్దుకోని పోయింది. మర్నాడు తెల్లారేతలికి వచ్చి కాలవ వెంబడే కింది దాకా నడిచింది. వచ్చి చెప్పింది: "అన్నా, కింది మడికి పక్క కయ్యలోంచి చెరువు నీళ్ళు ఊరతావుండాయి. పై మూడు మళ్ళే నీ బాయివి." ఆయన పోయి చూసినాడు. నిజమే. ఆ రోజు కూడు తినేటప్పుడు తానే చెప్పి నవ్వినాడు. అప్పుట్నించీ మా ఇంట్లో ఆ మాట నిలిచిపోయింది. బిడ్డ వచ్చి "అమ్మా, పిల్లి పాలు తాగేసింది" అంటే, "చూసినావా, అనుకున్నావా?" అనేవాళ్ళం.

మా అత్త మాత్రం మొదటి దినమే తగులుకునింది.

"ఆకులు కోసుకునేదానికి తిరువళ్ళూరి నుంచి రావాల్నా అమ్మణ్ణీ? మెడ్రాసులో చెట్లు లేవా?"

"ఉండాయవ్వా. ఒక బాయి నీళ్ళు తాగే ఈ మూడు జాతులూ ఒక చోట లేవు."

"ఏం చేస్తావు కోసుకోని?"

"ఆకులో ఉండే నీళ్ళు తీసి చూస్తాను."

"నీళ్ళు కావాలంటే బాయిలో ఉండాయి గదే! ఆకులోంచి పిండేదెందుకు?"

ఆమె నవ్వితే పండ్లు కనిపించేవి కావు, కండ్ల కింద మాత్రం ముడత పడేది. అట్ల నవ్వి, సంచిలోంచి రెండు గాజు పుల్లలు తీసి వేపకొమ్మకు కట్టింది. జ్వరం చూసేవే, కొంచెం పొడుగు. ఒకదానికి కింద తడిగుడ్డ చుట్టింది. మా అత్త పోయి దాన్ని తట్టి చూసి, "జ్వరం ఎవురికి, గాలికా? దీనికి మాత్రం తడిగుడ్డ వేసినావు, దానికి జ్వరం తగ్గిపోయిందా?" అనింది. ఆమె "గాలిలో తడి ఎంతుండాదో చెప్తాయవ్వా" అని ఓపిగ్గా చెప్పింది. మా అత్త దాన్ని ఊరంతా మోసింది. రెండో దినానికల్లా మోకాళ్ళ నొప్పులోళ్ళూ, చెవిపోటోళ్ళూ వచ్చి వరసగా కూర్చున్నారు. ఆకులమ్మ మందిస్తాదంట అని.

ఒక ముసలాయన "మోకాలికి ఏ ఆకు కట్టాలమ్మా?" అన్నాడు.

"తెలీదు తాతా."

"పోనీ, పండ్ల నొప్పికి?"

"అదీ తెలీదు."

"ఇంత సదివి తెలీదంటావే!"

"సదివింది వేరే తాతా."

ఆయన లేచిపోతా మాతో అన్నాడు: "మంచి బిడ్డే గానీ పాపం, ఏమీ రాదు."

తెలీదనే మాట ఆమె నోట్లోంచి అంత సులువుగా వచ్చేది. మనమైతే దానికి ముందొక దగ్గు దగ్గుతాం.

ఆమె వచ్చినప్పుడల్లా పని ఒకటే తీరు. పొద్దున మంచు ఆరక ముందు ఒక కోత, మధ్యాన్నం ఒంటిగంటకు ఒక కోత, పొద్దు గుంకేటప్పుడు ఒకటి. పై నుంచి మూడో ఆకే కొయ్యాల. ముదురు కాదు, లేత కాదు. పొద్దున పూట ఆకు మీద మంచు ఉంటే మెత్తని గుడ్డతో బిడ్డ మూతి అద్దినట్ల అద్దేది. తమలపాకుకు తీసినట్ల నడిమి ఈనె చీల్చి పారేసేది. మిగిలిన ఆకును చుట్ట చుట్టి గాజు గొట్టంలోకి తోసి, బిరడా పెట్టి, కొవ్వొత్తి మైనం కరిగించి మూతి పూసేది. కోసింది మొదలు మైనం పూసేదాకా ఊపిరి కూడా మెల్లిగా తీసేది. గొట్టాలన్నీ తిరుత్తణిలో సోడా అంగట్లో కొన్న ఐసుగడ్డ ఉండే పెట్టెలో పెట్టేది. ఎండ మండిపోతా ఉన్నా తన నెత్తిన కొంగే. గొడుగు పెట్టెకు.

పెన్సిలు కొప్పులో గుచ్చుకోని పెన్సిలు కోసం వెతికేది. కాఫీ ఇస్తే ముందు గడియారం చూసుకోని తర్వాత లోటా ఎత్తేది. బస్సు ఎప్పుడొస్తుందంటే మనం పొద్దు వాలినాక అంటాం, ఆమె ఐదూ నలబై రెండు అనేది. ఇడ్లీ పెడితే పై రెండూ తీసి పక్కన పెట్టి మూడోది తీసుకునేది. తనకు తెలీకుండానే. మా అత్త చూసి చూసి ఒక దినం, "దానికి ఈనె తియ్యవా?" అనింది. ఆమె చేతిలో ఇడ్లీ చూసుకోని అంత నవ్వింది, నేను ఆ ఒక్కసారే ఆమె పండ్లు చూసినాను.

ఏం చేస్తావుండావో నాకు చెప్పమ్మా అని నేను ఒక దినం అడిగినాను. సదువు లేనిదానికి చెప్పేదేముందని అనలేదు. మా ఇంటి వెనక బెల్లం పొయ్యి చూపించింది.

"చెరుకుపాలు బానలో కాగితే ఏమవుతుందక్కా?"

"నీళ్ళు ఎగిరిపోతాయి. పాకం చిక్కనవుతుంది."

"నీళ్ళల్లోనే రెండు రకాలుండాయి. శానావరకు తేలిక నీళ్ళు, కొంచెం బరువు నీళ్ళు. కంటికి తెలీదు, నాలికకు తెలీదు. ఎండకు ఆకులోంచి తేలికవి ముందు ఎగిరిపోతాయి. బరువువి వెనకబడతాయి. ఒంటిగంటకు కోసిన ఆకులో బరువు నీళ్ళు ఎక్కువుంటాయి. వేరు తాగింది ఒకే బాయి నీళ్ళయినా, వరి ఒక తీరున గాలి తీసుకుంటుంది, చెరుకు ఒక తీరున. కిత్తనార పగలంతా నోరు మూసుకోని రాత్రికి తెరుస్తుంది. అందుకని మూడింట్లో మిగిలే నీళ్ళు మూడు తీర్లుగా ఉండాల. ఉంటాయా లేదా అని చూడాల."

మా అత్త గుంజకానుకోని వింటావుండింది. "పగలంతా నోరు మూసుకోని రాత్రికి తెరుస్తుందా? అయితే అది మీ తాత జాతే" అనింది. మా మామ ఆ పక్కనే మంచం మీద ఉండినాడు. పగలు కాబట్టి ఏమీ అనలేదు.

ఆ నీళ్ళు తూచే యంత్రం మెడ్రాసులో లేదంట. ఉత్తరాదిలో ఏదో ఊళ్ళో ఉండాది. దాని కాడ ఆమెకు ఒక తడవ దొరికేదానికే రెండేండ్లు పట్టింది. వానకాలం ఆకు, చలికాలం ఆకు, ఎండకాలం ఆకు, మూడూ చేరితే ఒక పెట్టె కట్టి పంపాల. ఆ లెక్కలు వస్తే ఆమె సదువుకని రాసే పుస్తకం ముగుస్తుంది. పుస్తకం ముగిస్తే ఒక ఆడపిల్లల కాలేజీలో ఉద్యోగం ఆమె కోసం ఆపి పెట్టినారు, జూను దాకా. అప్పటికి ఆమెకు ముప్పై దాటింది. అన్నకు ముగ్గురు బిడ్డలు. వదిన ఏమీ అనదు గానీ, అనకపోవడం ఎంత బరువో ఆమె ఒకసారి నాతో చెప్పింది. అంతకు మించి ఇంటి సంగతి ఎత్తలేదు.

ఎండకాలం కోత కడాపటి దినం. పొద్దున కోత ఆమే కోసింది. పదకొండు గంటలకు గట్టు మీద కూలబడింది. ఎండదెబ్బ. మా ఇంటాయన ఎత్తుకోనొచ్చి తిన్నె మీద పండబెట్టినాడు. మజ్జిగ తాపితే కక్కింది. ఒళ్ళు పెనం మాదిరి కాలతావుంది. పన్నెండున్నరకు లేస్తానని లేచి, గోడ పట్టుకోని మళ్ళా కూలబడింది.

"రేపు కోసుకో అమ్మణ్ణీ, చెరుకు యాడికీ పోదు" అనింది మా అత్త.

"రేపు మబ్బు పడితే ఇది చెడుతుందవ్వా. పెట్టె ఈ వారంలో పోవాల."

నేనన్నాను: "నేను కోస్తాను. మూడు కాలాలూ చూడలేదా?"

ఆమె నా మొగం చూసింది. అప్పజెప్పమనింది. నేను ఎక్కం మాదిరి అప్పజెప్పినాను: పై నుంచి మూడో ఆకు, ఈనె తియ్యాల, చుట్టాల, తొయ్యాల, బిరడా, మైనం. ఆమె తల ఊపి గడియారం విప్పి నా చేతికి కట్టింది. మంచు అద్దేమాట ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. ఒంటిగంట ఎండలో మంచు యాడుంటుంది?

వరి బాగానే కోసినాను. కిత్తనార మట్ట ముక్కా బాగానే కోసినాను. చెరుకు మాత్రం చేను లోపలికి పోయి కొయ్యాల. పది ఆకులు కోసి బయటికి వచ్చేతలికి, మీరు చూసుంటారు గదా, ఆ ఎండకు చెరుకాకు గొట్టం మాదిరి ముడుచుకుంటుంది. అవి చూస్తే నాకు ఎట్లనో అయింది. మా పుట్టింట్లో మల్లెతోట. తిరువళ్ళూరు అంగటికి పూలు పంపేవాళ్ళం. అయిదేండ్ల బిడ్డప్పుట్నించీ నాకు చేతికి పువ్వు తగిలితే ఇంకో చెయ్యి నీళ్ళకు పోతుంది. వాడింది ఏదీ ఎవురి చేతికీ ఇవ్వం. అది అలవాటు కూడా కాదు, అంతకన్నా లోపలిది. గట్టు దిగి, కాలవలో చెయ్యి ముంచి, పది ఆకుల మీదా చల్లినాను. కొంచెం సేపటికి ఆకులు విచ్చుకున్నట్లే కనిపించినాయి. కొంగుతో తుడిచి, ఈనె తీసి, గొట్టాల్లోకి తోసి మైనం పూసినాను. గొప్పగా ఇంటికి పోయినాను.

ఆమె గొట్టాలు ఒక్కొక్కటీ ఎండకు పట్టి చూసింది. "నా కంటే బాగా పూసినావక్కా" అనింది. పొద్దు గుంకే కోతా నేనే కోసినాను, అప్పటికి ఆకులు వాటంతట అవే విచ్చుకోని ఉండాయి. మర్నాడు జ్వరం దిగింది. అన్న వచ్చి పెట్టెతో సహా పిలుచుకోని పోయినాడు.

వాళ్ళు పోయిన రెండో దినం పొద్దున, పెరట్లో నాలుగు మల్లెమొగ్గలు కోసి నీళ్ళు చల్లతా ఉండినాను. చెయ్యి అట్లే ఆగిపోయింది. మూడు కాలాలూ ఆ బిడ్డ ఆకు మీది మంచు ఎందుకు అద్దింది?

మా ఇంటాయనకు చెప్పినాను. "నీళ్ళే గదా. ఆ చెరుకు తాగేదీ ఆ బాయి నీళ్ళే. ఏం మునిగిపోయింది?" అన్నాడు. ఆయనకు బెల్లం బాన కత చెప్పినాను. పాకం ముదిరి దించబోయేటప్పుడు ఎవురన్నా బానలో చెంబెడు నీళ్ళు పోస్తే నువ్వు ఊరుకుంటావా అన్నాను. ఆయన గడ్డి మోపు ఎత్తుకోని లేచిపోయినాడు.

మా అత్త మాత్రం తగులుకునింది. "అట్లయితే అసలు చెప్పొద్దు. చెప్తే ఏమవుతుంది? ఆ గొట్టాలు తీసి పారేస్తుంది. పెట్టె ఆగిపోతుంది. ఉద్యోగం పోతుంది. చెప్పకుంటే? యంత్రం ఏదో ఒక లెక్క చెప్తుంది, పుస్తకం అయిపోతుంది, బిడ్డ బతుకుతుంది. నీ మనసు కడుక్కునేదానికి ఆ బిడ్డ నోట్లో మన్ను కొడతావా?"

మా అత్త మాట తీసేసేది కాదు. ఇంత దూరం వచ్చినాక కూడా చెప్తావుండాను, తీసేసేది కాదు. నేను రెండు దినాలు దానితోనే కూడు వండినాను, దానితోనే గొడ్లకు నీళ్ళు పెట్టినాను. మా అత్త చెప్పినట్ల చేస్తే ఆకులమ్మ సుకంగా ఉంటుంది. కానీ ఆ గొట్టాల్లో ఏముండాదో చూసినదాన్ని నేను. ఆమె అనుకుంటావుండాది. జీవితమంతా పక్కవాళ్ళను చూసినావా, అనుకున్నావా అని అడిగిన మనిషిని, నేను ఇప్పుడు ఊరికే అనుకునేటట్ల చేసినాను.

మూడో దినం అమావాస్య. తిరువళ్ళూరు గుడికి పోతానని చెప్పి బస్సెక్కినాను. ఒంటిగా అంత దూరం పోవడం అదే మొదలు. గుడికి పోలేదు, దేవుడు ఏమనుకున్నాడో. అడుగుకుంటా అడుగుకుంటా వాళ్ళ వీధికి పోయినాను. ముందు గదిలో పెట్టె మేకులు కొట్టి సిద్ధంగా ఉండాది. మర్నాడు రైలుకు వెయ్యాల.

"అక్కా! ఏం ఇట్ల వచ్చినావు?" అని ఆమె లోపలికి పోయి కాఫీ తెచ్చింది. నేను లోటా కింద పెట్టేసి ఒక్క గుక్కలో చెప్పేసినాను.

ఆమె కొప్పులో చెయ్యి పెట్టి పెన్సిలు తీసింది. అదీ, వెతకకుండా.

"ఎన్ని ఆకులు?"

"పదీ."

"ముంచినావా, చల్లినావా?"

"చల్లినాను."

"తుడిచేదానికి ముందు ఎంత సేపు?"

"ఒక వక్క నమిలేంత సేపు."

"దేంతో తుడిచినావు?"

"కొంగుతో."

"వరికి?"

"లేదు. కిత్తనారకీ లేదు. ఒట్టు."

"ఒట్టొద్దు. చూసినావు గదా, చాలు."

అంతా రాసుకునింది. వాళ్ళన్న గడప కాడ నిలబడి వింటా ఉండినాడు. మెల్లిగా అన్నాడు: "అమ్మా, అది తెలీక చేసింది. ఎవురికీ తెలీదు. ఈ ఒక్క తూరికి పోనీ."

"నాకు తెలిసిపోయిందన్నా" అనింది ఆమె.

సుత్తి తీసుకోని మేకులు తీసింది. పది గొట్టాలు ఏరి పక్కన పెట్టి, మళ్ళా మేకులు కొట్టింది. ఒక్క మేకూ వంకర పోలేదు. ఆ పదీ లేకుంటే లెక్క కుంటుతుందని ఆమెకూ తెలుసు, అన్నకూ తెలుసు, నాకూ తెలుసు. రాసిందాని పైన ఇంకో వరస రాసి నాకు చదివి చెప్పింది. తడపకూడదని కోసే ఆమెకు నేను చెప్పలేదు, అని. తన తప్పు ముందు, నాది తర్వాత.

పర్వాలేదక్కా అంటుందని చూసినాను. అనలేదు.

బస్టాండు దాకా వచ్చింది. బస్సు కదిలే ముందు కిటికీలోంచి అడిగినాను: "నా మీద కోపమా?"

"ఉండాదక్కా" అనింది. "తగ్గినాక వస్తాను."

జూను పోయింది. ఆ కాలేజీ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేసినారని వాళ్ళన్న తిరుత్తణి వచ్చినప్పుడు మా ఇంటాయనతో చెప్పి పోయినాడు. మా అత్త నన్ను ఏమీ అనలేదు. ఆమె అనకపోవడం నాకు అదే మొదలు, దాని బరువు నాకూ తెలిసింది.

వానలు పోయినాయి, చలి పోయింది. మళ్ళా ఎండలకు, ఒక దినం పొద్దున గొడుగు కింద పెట్టె, ఎండలో ఆమె. వాకిట్లో నిలబడింది.

"తగ్గిందా?" అన్నాను.

"శానావరకు" అని లోపలికి వచ్చింది.

ఆమె చేయించిన పని వింటే మీరు నవ్వుతారు. ఒంటిగంటకు నన్నే చెరుకు చేన్లోకి పంపింది. ఇరవై ఆకులు కొయ్యమనింది. పది ఉన్నవి ఉన్నట్ల గొట్టాల్లో పెట్టమనింది. ఇంకో పది మీద, పోయినేడు ఎట్ల చల్లినానో అట్లే, అదే కాలవ నీళ్ళు, అదే చెయ్యి, ఒక వక్క నమిలేంత సేపు ఆగి, అదే కొంగుతో తుడవమనింది. తాను గట్టు మీద కూర్చోని గడియారం చూస్తావుండింది.

"తెలిసి తెలిసి చెడగొట్టమంటావా?" అన్నాను.

"ఊరికే తప్పు అంటే చాలదక్కా. ఎంత తప్పో తెలియాల" అనింది.

వక్క నిజంగానే తెచ్చింది. నమలమని ఇచ్చింది. నేను నమల్తా నిలబడితే, పక్క కయ్యలో కలుపు తీసే ఆడోళ్ళు, "ఏమ్మే, ఆకులమ్మ నీకు తాంబూలం పెడతావుండాది, ఏం విశేషం?" అని ఎగతాళి చేసినారు.

ఏడాది పైన పట్టింది ఆ లెక్కలు వచ్చేదానికి. పుస్తకం అట్ట కట్టించుకోని ఆమే తెచ్చి చూపించింది. ఇటికె మాదిరి ఉండాది. అంతా ఇంగ్లీషు. మా అత్త దాన్ని రెండు చేతులతో ఎత్తి చూసి, "ఆకులు తేలిక, ఇది బరువు" అని పెట్టేసింది. ఆకులమ్మ ఒక పుట తీసి వేలు పెట్టింది. గీతల మధ్య చుక్కలు ఉండాయి. పైన ఒక గుంపు, దానికి బాగా కిందుగా ఇంకో గుంపు.

"పైవి తడపని ఆకులు. కిందివి నువ్వు తడిపినవి. చూడు, ఎంత దూరముండాయో. నువ్వు రాకుంటే నేను కింది చుక్కలను పట్టుకోని చెరుకు సంగతి ఇంతే అని రాసేసుందును. నా వెనక వచ్చేవాళ్ళు దాన్నే నమ్మి ఇంకొకటి రాస్తారు."

ఆ చుక్కల కింద సన్నగా ఒక వరస ఉండాది. దాన్ని తెలుగులో చెప్పమన్నాను. "కోసిన ఆమె తానే వచ్చి చెప్పింది" అని చదివింది.

"పేరు రాసుంటే ఏం పోయింది? మా కోడలి పేరు పుస్తకంలో పడుండును గదా" అనింది మా అత్త.

"పేరు రాస్తే అది మీ కోడలి తప్పు అవుతుందవ్వా. పేరు లేకుంటే అది అందురికీ పనికొచ్చే సంగతి అవుతుంది."

తర్వాత ఎప్పటికో ఆమెకు దూరంగా ఒక ఊళ్ళో చిన్న ఉద్యోగం దొరికింది. ముందు దొరకాల్సినంత పెద్దది కాదు. రెండు మూడు తూర్లు వచ్చిపోయింది. తర్వాత రాలేదు. ఆమె బతుకులో నేను పోగొట్టింది నేను మళ్ళా ఇవ్వలేదు, ఆమె అడగలేదు. పర్వాలేదు అనే మాట మాత్రం కడాకూ అనలేదు. అనుంటే నేను నమ్మేదాన్ని కాదు. అనలేదు కాబట్టే ఆమె వచ్చిన ప్రతిసారీ నేను తలెత్తుకోని కాఫీ ఇచ్చినాను.

అంతే. ఇంక లేవండి, పొద్దుపోయింది. మీ బావుల్లో నీళ్ళు ఊరతా ఉండాల, మీ పొయ్యిలు మండతా ఉండాల. మీ ఇంట్లో ఎవురన్నా తప్పు చేసి గడప కాడ నిలబడితే, దాచుకోని తిరిగిపోకుండా, లోపలికి రమ్మని కూర్చోబెట్టి మొత్తం వినే మనిషి ఒకరు మీ ఇంట్లో ఎప్పుడూ ఉండాల. బిడ్డాపాపలతో చల్లగా ఉండండి.